నూట పన్నెండు గ్రాముల గాలం

అక్టోబరు 12, ఆదివారం

మధ్యాహ్నం 2.00. ఇవాళ చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు. మైకు మా వరుస దాకా వచ్చింది, ఎవరూ అందుకోలేదు, నేను అందుకున్నాను.

చెప్పింది ఇది: "నవంబరు ఇరవై మూడున కోత పండుగకు మా ఇంటి కానుకగా నేను స్వయంగా గాలం వేసి పట్టిన చేపను తెస్తాను."

తర్వాత వెనక వరుసలోంచి ఎవరో గట్టిగా "ఆమెన్" అన్నారు. ఇక మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

కారణం కూడా రాసిపెట్టుకోవాలి. కోత పండుగకు ఎవరి చేతి కష్టం వాళ్లు తెస్తారు. పెరట్లో కాసిన కాయలు, పెంచిన కోడి, ఇంట్లో పట్టిన పచ్చడి. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాట. మేముండేది అమీర్‌పేటలో, నాలుగో అంతస్తులో. పెరడు లేదు, కోడి లేదు. అందుకని ఏటా కేకు. ఇంట్లో చేసిందని ఎప్పుడూ చెప్పలేదు. కొన్నదనీ చెప్పలేదు. పోయినేడు వేలంలో కేకును పైకెత్తి చూపిస్తే అట్ట కింద బేకరీ స్టిక్కరు ఊరంతటికీ కనిపించింది. సండే స్కూలు పిల్లలు నవ్వారు. మా అమ్మాయి ఫేబీకి అప్పుడు పదేళ్లు. ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు.

ఈసారి మా కానుక బుట్ట మోసేది ఫేబీయే. సండే స్కూలు జీవమణి టీచర్ అప్పజెప్పిన పని. "డాడీ, ఈసారి నిజంగా మనదే తీసుకెళ్దామా?" అని పది రోజుల కిందట అడిగింది. దానికి జవాబు ఇవాళ మైకులో చెప్పాను.

తీర్మానం:

1. తేలికగా, గట్టిగా ఉండే బెయిట్‌కాస్టింగ్ రాడ్డు (గాలపు కర్ర), రీలు. వచ్చే ఆదివారం లోపు.
2. రోజూ ఉదయం మేడ మీద యాభై విసుర్లు.
3. మధ్యలో మానేయడం లేదు. (కీబోర్డు, సైకిలు, కుండీలో టమాటా: అవి వేరే పరిస్థితులు.)

మామగారు సత్యరాజు గారు భోజనానికి వచ్చారు. నరసాపురం మనిషి, ఇప్పుడు మాసబ్ ట్యాంక్‌లో మా బావమరిది దగ్గర ఉంటున్నారు. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఏ చేపండీ అల్లుడు గారూ?"

"ముందు రాడ్డు తేలాలి మామయ్యా" అన్నాను.

అక్టోబరు 14, మంగళవారం

ఉదయం 11.20, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య. నేను కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. ఏ వస్తువునైనా వాడకముందే అందులో తప్పులు వెతకడం నా వృత్తి. గాలపు కర్ర నా చేతిలోంచి అంత తేలిగ్గా తప్పించుకోలేదు.

తెలుసుకున్నది: మామూలు రీలు కర్ర కింద వేలాడుతుంది. బెయిట్‌కాస్టింగ్ రీలు కర్ర పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు దారం చుట్టిన చక్రమే గిర్రున తిరుగుతుంది. సరైన సమయంలో దాన్ని బొటనవేలితో ఆపాలి. అలవాటైతే గురి తప్పదట.

ఎక్సెల్ షీటు సిద్ధం. ముప్పై ఏడు రాడ్లు. బరువు, పొడవు, కార్బనా గ్లాస్ ఫైబరా, ఎన్నేళ్లు మన్నుతుంది. చిక్కల్లా ఒకటే. తేలికైనది గట్టిగా లేదు, గట్టిగా ఉన్నది తేలిగ్గా లేదు.

మా ఆఫీస్ అసిస్టెంట్ హనుమాండ్లు టీ తెచ్చి స్క్రీన్‌లోకి వంగి చూశాడు. యాభై దాటిన మనిషి, సొంతూరు శంకర్‌పల్లి అవతల.

"గిదేంది సార్, కొత్త బ్యాచ్ లిస్టా?"

"గాలపు కర్రలన్నా. ముప్పై ఏడు రకాలు."

"గిన్నెందుకు సార్? ఒక దారం, ఒక కొక్కెం, జర గోధుమపిండి. నేను ప్రతి ఐతారం మా ఊరి చెరువు కాడ కూసుంట. మీరు సుత రాండ్రి."

"రాడ్డు తేలనీ అన్నా."

"సరే తియ్ సార్. చెరువు ఏడికి పోతది" అని గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు.

అక్టోబరు 17, శుక్రవారం

ఉదయం 7.00. వంటింటి త్రాసు మీద తూకాలు.

పప్పు గరిటె: 140 గ్రాములు
అట్లకాడ: 118
చీపురు: 390

అంటే నా షీటులో అన్నిటికంటే తేలికైన నూట పన్నెండు గ్రాముల రాడ్డు అట్లకాడ కంటే తేలిక. అట్లకాడను యాభైసార్లు విసిరినట్టు ఆడించి చూశాను. చెయ్యి నొప్పి లేదు. చాలా ఆశాజనకం.

మా ఆవిడ షెర్లిన్ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "పేషెంట్లకి కూడా ఇన్నిసార్లు బరువు చూడమండీ మేము. ఆ అట్లకాడ ఇస్తే అట్టు తిరగేసి వెళ్తాను."

అక్టోబరు 19, ఆదివారం

రాడ్డు కొనాల్సిన గడువు ఇవాళ్టితో సరి. కొనలేదు. తప్పు నాది కాదు. చక్రం ఒక చుట్టుకు ఎంత దారం లాగాలన్న దాని మీద ఇంటర్నెట్‌లో రెండు వర్గాలున్నాయి, రెండూ కొట్టుకుంటున్నాయి. తొందరపడితే రేపు చేప దగ్గర బాధపడాలి.

ఫేబీ ఒక చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించింది. రోజుకో గడి. ఎన్ని విసిరితే అన్ని రాయాలి. గడులన్నీ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి.

మామగారు మళ్లీ: "ఇంతకీ ఏ చేపండీ?"

అక్టోబరు 25, శనివారం

కొన్నాను. కొన్నాను. కొన్నాను.

పంజాగుట్ట సందులో ఆట సామాన్ల దుకాణం. యజమాని ముందు ఒక లావుపాటి కర్ర తీశాడు.

"భాయ్, గిది తీస్కో. గ్లాస్ ఫైబర్. జర బరువుంటది గని లారీ ఎక్కినా ఏం గాదు."

"ఎంత బరువు?"

"రెండొందల పది గ్రాములు."

నవ్వొచ్చింది. నా షీటులో రెండొందలు దాటినవాటికి ఎర్ర రంగు వేసి ఉంది. అప్పుడు ఇంకోటి తీశాడు. కార్బన్. ఆరున్నర అడుగులు, అతుకు లేకుండా ఒకే ముక్క. నూట పన్నెండు గ్రాములు. చేతిలో పెడితే ఏమీ పెట్టనట్టే ఉంది.

"మస్తు లైటు. గని నాజూకు భాయ్, పైలం" అన్నాడు.

"కార్బన్‌తో విమానాలే చేస్తున్నారు" అన్నాను.

"విమానం ఇంట్ల పెట్టుకోరు గద భాయ్."

పట్టించుకోలేదు. రీలు కూడా తీసుకున్నాను. అట్టగొట్టంలో పెట్టిన రాడ్డు భుజాన వేసుకుని పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో లైను కింద నడిచాను. దారిలో నలుగురు ఆపి కర్టెన్ రాడ్డు ఎక్కడ కొన్నారని అడిగారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టలేదు. నాలుగంతస్తులు మెట్లెక్కాను. ఒకే ముక్క కదా, మరి.

ఫేబీ రాడ్డును రెండు చేతులతో పట్టుకుని "ఇది నిజంగా మనదేనా?" అంది. ఈ ఏడాది నేను విన్న మంచి మాట ఇదే.

అక్టోబరు 27, సోమవారం

ఉదయం 6.10. మేడ మీద మొదటి సాధన. కొక్కెం లేదు, చివర రబ్బరు గుండు మాత్రమే. పది అడుగుల దూరంలో నీళ్ల బకెట్టు. అదే చెరువు.

6.14. విసిరాను. గుండు ఆగింది, చక్రం ఆగలేదు. దారమంతా రీల్లోంచి ఉబికి ఉండచుట్టుకుపోయింది. వీడియోల్లో దీన్ని పక్షి గూడు అంటారు.

7.10. ఇంకా గూడు విప్పుతూనే ఉన్నాను. మూడో అంతస్తు రత్నమాల గారు బట్టలు ఆరేయడానికి వచ్చారు. గుంటూరు వాళ్లు, మా ఫేబీ అంటే ప్రాణం.

"ఏంటండీ సైలస్ గారూ, పొద్దున్నే అల్లిక మొదలెట్టారు?"

కిందికెళ్లి క్రోషా సూది తెచ్చిచ్చారు. నిజంగా పనికొచ్చింది. ఏ వీడియోలోనూ చెప్పలేదు ఈ సంగతి.

మొత్తం విసుర్లు: 1.

ఫేబీ పైకొచ్చి "అయిపోయిందా డాడీ? బకెట్టు నీళ్లు నేను పారబోస్తాలే" అంది. పని తెలిసిన పిల్ల.

అక్టోబరు 28, మంగళవారం

విసుర్లు: 4. గూళ్లు: 3. బకెట్టులో పడ్డవి: 0. నీళ్లు ఫేబీ పారబోసింది.

అక్టోబరు 30, గురువారం

విసుర్లు: 11. రికార్డు. పదకొండోది గాల్లోకి అందంగా లేచి, బకెట్టు దాటి, రత్నమాల గారు ఎండబెట్టిన ఉసిరి ముక్కల పళ్లెంలో పడింది.

"చేప పడిందాండీ?" అన్నారావిడ, ముక్కలు ఏరుకుంటూ. "ఈ పళ్లెం నీళ్ల ట్యాంకు వెనక పెట్టుకుందామంటే అక్కడ చోటు లేదు."

ఎందుకు లేదో అడగలేదు. నేనప్పుడు రీలు విప్పుకుంటున్నాను.

నవంబరు 3, సోమవారం

ఉదయం 6.10. అలారం.
6.12. కిటికీలోంచి చూశాను. మబ్బు. కార్బన్ కర్రకు పిడుగు ప్రమాదం ఉందని చదివాను. కుటుంబం ఉన్నవాడిని.
విసుర్లు: 0.

నవంబరు 4, మంగళవారం

మబ్బు లేదు. బొటనవేలు కమిలింది. షెర్లిన్ ప్లాస్టరు వేస్తూ "ఐసీయూలో బెడ్ ఖాళీ ఉందేమో కనుక్కోనా?" అంది.
విసుర్లు: 0.

నవంబరు 5, బుధవారం

సెలవు. విసుర్ల గురించి వీడియోలు: మూడు గంటలు. చార్టులో ఏం రాయాలని ఫేబీ అడిగితే "థియరీ" అన్నాను. గడిలో చిన్నగా "థి" అని రాసింది.

"ఇవాళ కూడా మేడ మీదికి రావా డాడీ?"

"రేపు."

తనే బకెట్టు నింపుకుని, ఒక చేత్తో మోయలేక రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కింది. నన్ను ఎత్తిపొడవడానికే అనుకున్నాను. కోపం వచ్చింది. ఆ కోపంలో ఇంకో వీడియో చూశాను.

నవంబరు 9, ఆదివారం

మధ్యాహ్నం 1.40. భోజనాల దగ్గర మామగారు నాలుగోసారి "ఏ చేపండీ?" అన్నారు. అందరి ముందూ. ఆ మాట వినపడకుండా చేయాలంటే ఏదో ఒకటి చేసి చూపించాలి అనిపించింది. లేచి రాడ్డు తెచ్చాను. హాల్లో నిలబడి, మణికట్టు ఎలా తిప్పాలో చూపించాను.

ఫ్యాను నాలుగు మీద ఉంది.

చప్పుడు పెద్దగా లేదు. టక్కుమంది, అంతే. రాడ్డు కొస తొమ్మిది అంగుళాలు విరిగి, ఎగిరి పెరుగు గిన్నెలో పడింది.

మామగారు ఫ్యాను కట్టేశారు. ఫేబీ ముక్కను గిన్నెలోంచి తీసి, కడిగి, తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడింకా తేలికైంది కదా డాడీ."

వెక్కిరిస్తే భరించేవాడిని. నన్ను ఓదార్చడానికి అంది. చాలా సిగ్గేసింది.

నవంబరు 12, బుధవారం

దుకాణానికి ఫోన్ చేశాను. "విమానం ఎట్లుంది భాయ్?" అన్నాడు. పెట్టేశాను.

కొత్త షీటు. యాభై రెండు రాడ్లు. ఈసారి మన్నిక మొదటి గడిలో. ఫ్యాను తట్టుకుంటుందా అన్న గడి కూడా పెట్టాను కానీ ఏ కంపెనీ వాడూ ఆ వివరం ఇవ్వడం లేదు.

హనుమాండ్లు: "ఐతారం వస్తుండ్రా సార్?"

"రాడ్డు లేదన్నా ఇప్పుడు."

"నా కాడ సుత లేదు సార్. మొన్న మూడు కిలోలు పట్టిన."

దీనికి జవాబు షీటులో లేదు. ఆదివారం వస్తానని మాటిచ్చాను.

నవంబరు 16, ఆదివారం

ఉదయం 5.00. అలారం. ఆపాను.
5.20. హనుమాండ్లు ఫోన్. ఎత్తలేదు.
5.35. మళ్లీ. ఎత్తలేదు.

డైరీలో అయినా నిజం రాయాలి. నిద్ర కాదు, భయం. ఇన్నాళ్లూ రాడ్డు బాగాలేదు, దారం బాగాలేదు, మబ్బు పట్టింది అన్నాను. చెరువు గట్టు మీద కూర్చున్నాక కూడా చేప పడకపోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

చర్చిలో ప్రకటనల సమయంలో పాస్టరు గారు నవ్వుతూ "సైలస్ గారి చేప కోసం పెద్ద పళ్లెం ఒకటి పక్కన పెట్టించాం" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఫేబీ నిటారుగా కూర్చుంది. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

నవంబరు 22, శనివారం

ఉదయం 7.00. నిర్ణయం: ఫేబీని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.
7.40. టిఫిన్ అయ్యాక చెబుతాను.
8.30. పాటల ప్రాక్టీసుకు వెళ్లిపోయింది. సాయంత్రం చెబుతాను.
10.15. పంజాగుట్ట అవతల చేపల దుకాణంలో ఉన్నాను. కాళ్లు వాటంతటవే నడిచాయి.

"ఏది గావాలె అన్నా?"

"చూడ్డానికి అందంగా ఉన్నది."

వెడల్పుగా, వెండి పళ్లెంలా మెరుస్తున్నదాన్ని తీసిచ్చాడు. కోసి శుభ్రం చేయమంటారా అని అడిగాడు. వద్దు, ఇప్పుడే పట్టినట్టుండాలి అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి కవర్లో వేశాడు.

ఇంటికొచ్చి కుళాయి కింద ఐసు ముక్కలన్నీ కడిగాను. కవరును చెత్తబుట్ట అడుగున, బీరకాయ తొక్కల కింద దాచాను. పోయినేటి స్టిక్కరు నేర్పిన పాఠం.

సాయంత్రం 5.00. ఫేబీ ఫ్రిజ్ తెరిచింది. చాలాసేపు చూసింది.

"రాడ్డు విరిగింది కదా డాడీ. దేంతో పట్టావు?"

"హనుమాండ్లన్న గాలంతో" అన్నాను.

"ఓహో" అంది. చేప ఎలా పడిందో అడగలేదు. ఎగిరి గంతేయలేదు. చెత్తబుట్ట ఖాళీ చేస్తానని తీసుకుని వెళ్లింది. రోజూ చేసే పనే.

నవంబరు 23, ఆదివారం

ఇది నెమ్మదిగా రాస్తాను.

ఉదయం 8.40. చర్చి గేటు. ఫేబీ చేతుల్లో రిబ్బను కట్టిన బుట్ట, బుట్టలో చేప, పైన అరటాకు. భుజానికి తన సంచీ. మామగారు ఎదురొచ్చారు. ఆకు కొంచెం పైకెత్తి చూసి మళ్లీ కప్పేశారు.

"చందువా" అన్నారు.

తెలిసినట్టే తలూపాను.

"ఏ చెరువులో పడిందండీ?"

"హనుమాండ్లు వాళ్ల ఊళ్లో మామయ్యా. శంకర్‌పల్లి అవతల."

మామగారు నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "అల్లుడు గారూ, చందువా సముద్రం చేపండీ. మా నరసాపురంలో పాకే పిల్లాడు కూడా చెబుతాడు. శంకర్‌పల్లికి సముద్రం ఎప్పుడొచ్చింది?"

నలభై రెండు రోజులు. ఎనభై తొమ్మిది రాడ్లు. చేపల గురించి ఒక్క నిమిషం చదవలేదు. ఆయన మొదటి రోజు నుంచీ అదే అడుగుతున్నారు.

ఫేబీ అంతా విన్నది. దాని మొహంలో ఆశ్చర్యం లేదు.

"కవరు నిన్ననే చూశా డాడీ. దేంతో పట్టావని అడిగినప్పుడే నిజం చెప్తావనుకున్నా."

తప్పయిందన్నాను. అది వినిపించుకుందో లేదో, సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. మూడు టమాటాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పక్కన పగిలింది.

"ఎక్కడివి?"

"నువ్వు ఆగస్టులో కుండీలో పెట్టి వదిలేశావు కదా. ట్యాంకు వెనక పెట్టి పెంచుతున్నా. నీ బకెట్టు నీళ్లే పోశాను. నువ్వు మానేశాక నేనే మోశాను." కాస్త ఆగింది. "బుట్టలో ఏది పెట్టాలో నువ్వే చెప్పు."

గంట కొట్టారు. అందరూ లోపలికి వెళ్తున్నారు. టమాటాలు పెడితే చేప ఏదని అందరూ అడుగుతారు. చేప పెడితే ఫేబీ తప్ప ఎవరూ ఏమీ అడగరు.

చేపను బయటికి తీశాను. మామగారు తన చేతిసంచీలో వేసుకున్నారు.

11.30. ఆవరణలో వేలం. మా బుట్ట వంతు వచ్చింది. పాస్టరు గారు పెద్ద పళ్లెం వైపు, మూడు టమాటాల వైపు చూసి, "సైలస్ గారూ, చేప?" అన్నారు.

మైకు అడిగి తీసుకున్నాను. ఈసారి అనుకునే తీసుకున్నాను.

"చేప పట్టలేదండి. చెరువు దగ్గరికే వెళ్లలేదు. నిన్న ఒకటి కొన్నాను, అది సముద్రపు చేప అని ఇందాకే తెలిసింది. ఈ టమాటాలు మా అమ్మాయివి. మొక్క నేను నాటి వదిలేశాను. తను పెంచింది."

నవ్వులు. చాలాసేపు. షెర్లిన్ నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. నాకూ నవ్వొచ్చింది. గుంపు వెనకనుంచి, ఆ రోజు వెనక వరుసలో విన్న గొంతే "ఆమెన్" అన్నది.

వేలం పాట మొదలైంది. మూడు టమాటాలకు మామగారూ జీవమణి టీచరూ పోటీ పడ్డారు. టీచరే గెలిచారు. ఫేబీ పెద్ద పళ్లెంలో మూడింటినీ పెట్టి పైకెత్తి అందరికీ చూపించింది. తర్వాత ఎవరూ అడక్కుండానే, టమాటాలు తిరిగి బుట్టలో పెట్టి, పళ్లెం అడుగు కూడా తిప్పి చూపించింది. కింద ఏ స్టిక్కరూ లేదు.

2.30. మామగారు చందువా పులుసు పెట్టారు. చాలా బాగుంది. "శంకర్‌పల్లి చేపకి రుచెక్కువ" అని మూడుసార్లు అన్నారు. ఇక జీవితాంతం అంటారు.

నవంబరు 24, సోమవారం

ఉదయం 6.10. మేడ మీద. ట్యాంకు వెనక టమాటా మొక్క ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇంకా పిందెలున్నాయి. విరిగిన రాడ్డును కుండీలో గుచ్చి మొక్కను దానికి కట్టాను. దారం కూడా ఆ రీల్లోదే. అటూ ఇటూ ఊపి చూశాను. తేలిగ్గా ఉంది, గట్టిగా నిలబడింది.

రత్నమాల గారు చూసి "ఇన్నాళ్లకి దాంతో ఒక పని జరిగిందండీ" అన్నారు.

కొత్త తీర్మానం. వచ్చే కోత పండుగకు చేప. ఏడాది సమయం ఉంది.

1. ముందు చేప పేరు తెలుసుకోవాలి. (తెలుసుకున్నాను. బొచ్చె. చెరువులోనే ఉంటుంది. మామగారితో సరిచూశాను.)
2. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక హనుమాండ్లుతో చెరువుకు. ఒక దారం, ఒక కొక్కెం, గోధుమపిండి.
3. షీటు లేదు.

ఉదయం 11.20. హనుమాండ్లుకు చెప్పాను. "నిజంగనే వస్తరా?" అని రెండుసార్లు అడిగాడు. కొక్కెం నన్నే తెచ్చుకోమన్నాడు.

సాయంత్రం 6.00. కొక్కేల్లో నలభై ఒక్క సైజులున్నాయట. కొన్ని తేలిక, కొన్ని గట్టి. ఊరికే ఒకసారి చూసుకుంటే తప్పులేదని లాప్‌టాప్ తెరిచాను.

6.05. ఫేబీ వచ్చి ఫ్రిజ్ మీద కొత్త చార్టు అంటించింది. ఈసారి విసుర్ల లెక్క లేదు, థియరీకి చోటు లేదు. ఆదివారానికి ఒకటే గడి, పైన ఒకటే ప్రశ్న: చెరువుకు వెళ్లావా?

6.06. లాప్‌టాప్ మూసేశాను.